ఒంటి ఒత్తు

యాంకరమ్మాయి చేతిలోని అట్టముక్క చూసి ముందు శాక్సాఫోన్ దిలీప్ పేరు చదివింది. తర్వాత కీబోర్డు అబ్బాయిది. ఆ తర్వాత డ్రమ్స్ ఆయనది. ఒక్కో పేరుకూ కుప్పం కాలేజీ పిల్లకాయలు ఈలలేశారు. ఆ అమ్మాయి అట్టముక్క తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. "వీరందరికీ మరొక్కసారి గట్టిగా చప్పట్లు" అనేసి, ముఖ్య అతిథిని శాలువా కోసం వేదిక మీదికి పిలిచింది.

తన పేరు రాగానే ఒక అడుగు ముందుకేద్దామని నందిని డబుల్ బేస్ మెడ పట్టుకుని సిద్ధంగా ఉండింది. వేసిన సగం అడుగు వెనక్కి తీసుకుంది. మనిషికంటే ఎత్తుండే వాయిద్యం అది. దాని వెనక నిలబడితే అడుగు వేసిందీ, తీసుకుందీ ఎవరికీ కనబడదు.

శాలువాల పని నడుస్తుండగా ఆమె తన పని చూసుకుంది. తీగల మీది చెమటను పాత లుంగీ గుడ్డతో పైనుంచి కిందికి తుడిచింది, ఒక్కో తీగను విడివిడిగా. వాయిద్యాన్ని నిలబెట్టే ఇనుప కాలును లోపలికి తోసి మర బిగించింది. తీగల కింద తగిలించిన చిన్న మైకును ఊడదీసి డబ్బీలో పెట్టింది. కుడిచేతి చూపుడువేలి పక్కన పాత బొబ్బ మీదనే కొత్త బొబ్బ పొంగి ఉంది. కచేరీ సాగినంత సేపూ ఆ వేలు ఆగలేదు. జాజ్‌లో బేస్ పని అది. పాట ఎత్తుకున్నప్పటి నుంచి దించేదాకా దెబ్బకొక అడుగు చొప్పున నడుస్తూనే ఉండాలి. శాక్సాఫోన్ ఆగి నీళ్లు తాగొచ్చు, కీబోర్డు చేతులు దులుపుకోవచ్చు. బేస్ ఆగితే అందరి కాళ్ల కిందా నేల పోతుంది.

దిలీప్ వచ్చి భుజం తట్టి, ఆదివారం మధ్యాహ్నం హార్స్లీ హిల్స్ కొండ మీది కచేరీలో కలుద్దామని గుర్తు చేశాడు. వాళ్లు వ్యాన్‌లో బెంగళూరు వెళ్లిపోతున్నారు. తను పుంగనూరుకు, అమ్మా నాయనల దగ్గరికి. బేస్‌ను వ్యాన్‌లో వేసెయ్యమన్నాడు గానీ నందిని ఒప్పుకోలేదు. ఎవరు పిలిస్తే వాళ్లతో పోయి వాయించే బతుకు ఆమెది. ఈ వారం దిలీప్, వచ్చే వారం ఇంకొకరు. జట్లు మారినా ఇది మాత్రం ఒకరి చేతికి ఇచ్చే వస్తువు కాదు. పేరు చదవకపోయిన సంగతి దిలీప్ ఎత్తలేదు. ఆయన గమనించలేదని ఆమెకు అర్థమైంది.

గమనించిన మనిషి ఒకడున్నాడు. ఆ కాలేజీ ఆఫీసులోనే పనిచేసే మేనమామ ఆదినారాయణ. కాగితం కప్పులో టీ తెచ్చి ఇచ్చి, నల్ల సంచిలోకి దూరుతున్న బేస్‌ను కాసేపు చూశాడు. ఆఫీసులో ఒక ఖాళీ ఉందని, పెద్దవాళ్లతో మాట్లాడి ఉంచానని, సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని వస్తే చాలని చెప్పాడు. ఆ సంగతి ఇదివరకే నాయనతో అనేశాడట.

"ఈడ కూచుంటే బల్ల మీద నీ పేరు రాసిన చెక్క పెడతారు మే," అన్నాడు. "ఇంత పెద్దదాన్ని మోసుకోనొచ్చి, పేరు గూడా చెప్పించుకోలేకపోతివే."

నందిని జిప్పు లాగింది. జిప్పు మధ్యలో పట్టుకుంది. ఆమె దాన్ని వెనక్కి తీసి మళ్లీ లాగింది.

మరుసటి పొద్దున పుంగనూరు పోయే బస్సులో, చివరి సీటు పొడుగునా బేస్‌ను పడుకోబెట్టి, తను దాని తల దగ్గర కూర్చుంది. కండక్టరు వచ్చి వంగి చూసి, ఈయమ్మకు ఒళ్లు బాగాలేదా, యాడ దించాలని అడిగాడు. ముందు సీట్లో వాళ్లు నవ్వారు. నందిని కూడా నవ్వి లగేజీ టికెట్టు తీసుకుంది. ఇట్లాంటి జోకులు ఆమెకు కొత్త కాదు. పలమనేరు దాటినంక రోడ్డు ఎగుడుదిగుళ్లకు సంచి లోపల అడుగు తీగ సన్నగా మూలిగింది. ఆమె అరచెయ్యి దాని మీద వేసి ఉంచింది, ఊరు వచ్చేదాకా.

ఇంటికి చేరేసరికి వార్త ఆమెకంటే ముందే చేరిపోయి ఉంది.

"పేరు చెప్పలేదంటనే," అన్నాడు నాయన నారాయణప్ప.

నందిని అప్పుడు బేస్‌ను పక్కకు వాల్చి, దాని తల గడపకు తగలకుండా లోపలికి నడిపిస్తోంది. నాయన లేచి వచ్చి అడుగుభాగం పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మూలకు చేర్చి నిలబెట్టారు.

"మర్చిపోయిందిలే నాయనా ఆ పాప."

"మర్చిపోతారు. అదే జెప్తాండా నేను."

నారాయణప్ప మేళగాడు. మేళంలో నాదస్వరం పక్కన ఒత్తు అని ఇంకొక గొట్టం ఉంటుంది. చూడడానికి నాదస్వరం లాగే ఉంటుంది గానీ దాని మీద వేళ్లాడించే పనిలేదు. మేళం మొదలైంది మొదలు ఒకే ఒక స్వరాన్ని ఊపిరి తెగకుండా పట్టుకుని ఉండాలి. బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. ఆ స్వరం మీదే నాదస్వరం నిలబడుతుంది. ఆయన మీసాలు రాని రోజుల నుంచి అదే పట్టాడు. తర్వాత కరెంటు శ్రుతిపెట్టెలు వచ్చాయి. ఇప్పుడాయన పుంగనూరులోనే ఒక కల్యాణ మండపంలో పనిచేస్తున్నాడు. కుర్చీలు వేయిస్తాడు, నీళ్ల మోటారు వేస్తాడు, మేళం వాళ్లొస్తే వాళ్ల శ్రుతిపెట్టెకు ప్లగ్గు పెట్టేదీ ఆయనే.

"పెండ్లిపత్రికలో నాదస్వరం ఆయప్ప పేరేస్తారు, డోలు ఆయప్ప పేరేస్తారు," అన్నాడు గోడకు ఆనుకుని కూర్చుంటూ. "ఒత్తు ఎవురని ఒక్కరన్నా అడిగినారా? నేను గొట్టం పట్టుకోని నిలబడితే, నువ్వు దుంగ పట్టుకోని నిలబడినావు. అంతేగదా."

వంటింట్లోంచి అమ్మ రాజేశ్వరి, గోవిందస్వామి కథ మొదలైందా, అయితే నేను ఎసరు పెట్టుకుంటానని అంది. నారాయణప్ప ఆ మాట వినబడనట్టే సాగించాడు. ఆ కథ నందిని ఎన్నోసార్లు వినింది. అయినా ఈసారి ఆయన గొంతులో విసుగు లేదు, భయం ఉంది. అందుకని ఆమె ఎదురుగా కూర్చుని వినింది.

గోవిందస్వామి వాళ్ల మేళంలో నాదస్వరం విద్వాంసుడు. ఈ ఊళ్లోనే ఒక పెద్దింటి పెళ్లిలో మేళం వాళ్లను చివరి పంక్తి దాకా ఆపి, ఆ పంక్తిలో కూడా కూర్చోబోతుంటే లేపేశారు. ఆయన ఆ కోపం దిగమింగుకుని వచ్చి ముహూర్తానికి వాయిస్తూ, వాయిస్తూ, ఉన్నట్టుండి నాదస్వరం చంకన పెట్టుకుని లేచిపోయాడు. డోలు ఆయన వెనకే పోయాడు.

"నాకెవురూ జెప్పలేదు. నేను కండ్లు మూసుకోని ఊదతాండా. తెరిచి సూస్తే పక్కన ఎవురూ లేరు. లేసి పోదామంటే అప్పుడే తాళి చేతికి తీసుకున్న్యారు. తాళి టయిములో శబ్దం ఆగిపోతే అశుభం గదా. మళ్లా కండ్లు మూసుకోని ఊదినా. గట్టిమేళం లేదు, ఏం లేదు. వట్టి ఒత్తు. మండపమంతా పకపకా నవ్వినారు. ఆ పొద్దు నుంచి నేను ఒంటి ఒత్తు నారాయణప్ప." ఆయన తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "పస్తులుండొచ్చు అమ్మణ్ణీ. మనతో వాయించేవాళ్లు మనల్ని నడిమధ్యలో ఒంటిగా వదిలేసి పోతే, దానికంటే సిగ్గు ఇంకోటి లేదు. నీకది వద్దు. సోమవారం పోయి మీ మామ దగ్గర చేరు."

ఇన్నేళ్లలో నాయన ఒక్కసారి కూడా తన కచేరీకి రాలేదు. రమ్మని తను గట్టిగా పిలిచిందీ లేదు. ఇప్పుడు పిలిచింది.

"రేపు కొండ మీదికి వచ్చి విను నాయనా. విన్నాక నీ నోటితో చెప్పు. అప్పుడు గూడా నువ్వు చేరమంటే చేరతా."

"మాటేనా?"

"మాటే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

ఆమె పెరట్లోకి పోయి దిలీప్‌కు ఫోన్ చేసింది. పేరు సంగతి చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. రేపు తన నోటితోనే చెబుతానన్నాడు. ఇంకొకటి కూడా అడిగింది. తనకొక సోలో కావాలి. సోలో అంటే మిగతావాళ్లంతా వాయించడం ఆపేస్తారు, ఒకరికే వేదిక వదులుతారు. ఎదుటివాడు చెప్పేది వినదగ్గదని నలుగురిలో ఒప్పుకునే మర్యాద అది. బేస్‌కు ఆ మర్యాద అరుదుగా దక్కుతుంది, విందుల్లో అయితే అసలే దక్కదు. దిలీప్ ఒక్క నిమిషం ఆలోచించి, మూడో పాటలో తీసుకో, మేము తప్పుకుంటాం అన్నాడు. నందిని ఆనందం పట్టలేక జామచెట్టు ఆకు ఒకటి తెంపి నమిలింది.

పొద్దు వాలేదాకా సాధన చేసింది. మెడ మీది నుంచి వేళ్లను కిందికి, తీగలు సన్నగా పలికే చోటికి దించి, గబగబా పరిగెత్తించి మళ్లీ పైకి తెచ్చే వరస ఒకటి కట్టుకుంది. వినేవాళ్లు తినేది ఆపి తలెత్తాలి. అంత వేగం. బొబ్బ మీద ప్లాస్టరు చుట్టి మళ్లీ వాయించింది. నారాయణప్ప గడప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. ఒకసారి తలెత్తకుండానే, మూడోది కొంచెం దిగిందే అన్నాడు. ఆమె చూసుకుంటే నిజమే. బిరడా తిప్పి సరిచేసింది. రెండో తీగను వేలు ఆనించకుండా మీటినప్పుడు మాత్రం ఆయన ఒలవడం ఆపాడు.

"ఇదే మా ఒత్తు," అన్నాడు.

నోరు మూసుకునే ఆ స్వరాన్ని అందుకున్నాడు. తీగ మోత తగ్గి ఆగిపోయినా ఆయన ఆగలేదు. యాడ గాలి పీల్చుకున్నాడో పక్కనున్న ఆమెకే తెలియలేదు. అట్లా కాసేపు ఉండి, ఏదో గుర్తొచ్చినట్టు ఆపేసి, మళ్లీ చెనిక్కాయల మీద పడ్డాడు.

ఆదివారం తెల్లవారి పాపన్న బండి వచ్చి వాకిట్లో ఆగింది. వాళ్ల వీధిలోనే ఉంటాడు. రామకుప్పం పక్క తోటల టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు వేస్తుంటాడు. బేస్‌ను చూసి, ఏనుగులు పైర్లలో పడతాండాయని రైతులు ఆడ ఏడస్తా ఉంటే, నువ్వొకదాన్ని పట్టి సంచిలో కట్టేసినావే అన్నాడు. టమోటా పెట్టెల మధ్య సందు చేసి, అడుగున గోనెలు పరిచి, రెండు వైపులా దుప్పట్లు దూర్చి బేస్‌ను నిలబెట్టారు. నారాయణప్ప ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందు కూర్చోమంటే కూర్చోలేదు. వెనకే ఎక్కి, ఒక చెయ్యి పెట్టె అంచు మీద, ఒక చెయ్యి బేస్ మెడ మీద వేసి నిలబడ్డాడు.

మార్కెట్టులో పెట్టెలు దించి, వేలం కోసం కుప్పలు పోసినంత సేపూ తండ్రీ కూతుళ్లు బండి దగ్గరే ఉన్నారు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అదేమిటని అడిగితే, మా పాప వాయించేది అని ఒక్కొక్కరికీ నారాయణప్ప ముక్తసరిగా చెప్పాడు. వాయిద్యం పేరు ఆయనకు నోరు తిరగలేదు.

కొండ మీద నీలగిరి చెట్ల గాలి చల్లగా ఉంది. రిసార్టు పచ్చిక మీద గొడుగులు వేసి, వాటి కింద బల్లలు పరిచారు. బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్లు కుటుంబాలతో వచ్చి ఉన్నారు. నందిని నాయన కోసం పక్కగా ఒక కుర్చీ అడిగింది. సూపర్‌వైజరు ఆయన చెప్పులు చూసి, కుర్చీలు అతిథులకేనని, కావాలంటే సామాన్ల దగ్గర కూర్చోవచ్చని చెప్పాడు. సామాన్లు వేదిక వెనక ఉన్నాయి.

నందిని మొహం కందింది. ఏదో అనబోయింది.

"ఉండనీలే మే," అన్నాడు నారాయణప్ప. "నా జాగా ఎప్పుడూ ఎనకే గదా."

బేస్ సంచిని మడిచి దాని మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆయనకు నలుగురి వీపులూ కనిపిస్తాయి.

మొదటి పాటలో ఆయన తల మెల్లగా ఊగడం నందిని ఓరకంట చూసింది. రెండో పాటలో ఆయన చూపు తన కుడిచేతి మీద నిలిచింది. పళ్లేలు, చెంచాల చప్పుడు మధ్య ఆమె వేలు దెబ్బ తప్పకుండా నడుస్తోంది. డ్రమ్స్ ఆయన ఒకచోట తొందరపడబోయాడు. ఆమె అడుగు కొంచెం బరువుగా వేసి ఆయన్ను వెనక్కి లాగింది. అది బల్లల దగ్గర ఎవరికీ తెలియలేదు. వెనక నారాయణప్ప మాత్రం తొడ మీద చెయ్యి ఆపి, ఊ అన్నాడు.

మూడో పాట ఆమె ఎంచుకున్నది. రెండో తీగ స్వరం మీద కట్టిన పాట. దిలీప్ తన వంతు వాయించి ముగించాడు. ఆమె వైపు తిరిగి తలూపి, శాక్సాఫోన్ స్టాండుకు పెట్టి, వేదిక దిగి నీళ్ల సీసా అందుకున్నాడు. కీబోర్డు అబ్బాయి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రమ్స్ ఆయన కర్రలు చంకలో పెట్టుకుని వెనక్కి వాలాడు.

నందిని నిన్న కట్టుకున్న వరస ఎత్తుకుంది. వేళ్లు కిందికి దిగి పరుగు మొదలుపెట్టాయి. దగ్గరి బల్ల మీద ఒకరిద్దరు తలెత్తారు.

అప్పుడు వినిపించింది. ముందు స్పీకరు గొణుగుతోందనుకుంది. మైకు వైరు చూసింది, బాగానే ఉంది. ఆ శబ్దం పెరిగింది. నిటారుగా, ఎటూ కదలకుండా, ఒకే ఎత్తులో. నిన్న గడప మీద విన్న స్వరం అది.

మెడ తిప్పి చూసింది. నారాయణప్ప లేచి నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. గొట్టం లేకపోయినా బుగ్గలు అలవాటుగా ఉబ్బి ఉన్నాయి. తువ్వాలు నడుముకు చుట్టుకున్నాడు, మేళంలో నిలబడినట్టే.

నందిని వేలు ఒక దెబ్బ తప్పింది. నాయన వెనక నుంచి ఏం చూశాడో ఆమెకు అప్పుడు తట్టింది. నాదస్వరం ఆయన దిగిపోయాడు. డోలు ఆయన కర్రలు చంకన పెట్టుకున్నాడు. కూతురు నడిమధ్యలో ఒంటిగా మిగిలిపోయింది.

బల్లల దగ్గర ఎవరో నవ్వారు. సూపర్‌వైజరు పెదవుల మీద వేలు పెట్టుకుని వేదిక వెనక్కి పరుగున వస్తున్నాడు. ఆమె కట్టుకున్న వరస ఇంకా సగం మిగిలి ఉంది. దాన్ని ఆ స్వరం మీద పరిగెత్తిస్తే రెండూ కొట్టుకుంటాయి. నాయన ఆపితే వరస నిలుస్తుంది. నాయనను ఆపించడానికి మనిషి కూడా వచ్చేశాడు.

ఆమె సూపర్‌వైజరు వైపు చూసి వద్దని తలాడించింది. అతను ఆగలేదు. ఈసారి కళ్లతోనే గట్టిగా వద్దంది. అతను ఉన్నచోటే నిలబడిపోయాడు.

నందిని వరస వదిలేసింది. చేతులు పైకి తెచ్చి, రెండో తీగను వేలు ఆనించకుండా ఒక్కసారి మీటి ఊరుకుంది. కర్రలో పుట్టిన మోత వెనకనున్న గొంతులోకి పోయి కలిసింది. ఏది తీగో ఏది మనిషో విడదీయలేనంతగా కలిసింది. అది పూర్తిగా అణిగేదాకా ఆగి, ఇంకొకసారి మీటింది. ఆ తర్వాత ఆ స్వరం పక్కనున్న స్వరం. మళ్లీ ఇంటికి. దానికి పైనున్నది. మళ్లీ ఇంటికి. తొందర లేదు. ఎంత దూరం పోయినా వెనక ఒక మనిషి వాకిలి తెరిచి పట్టుకుని ఉన్నాడు. జాజ్ నేర్చుకున్నప్పటి నుంచి అందరికీ నేల తనే పరిచింది. తన కాళ్ల కింద ఇంకొకరు నేల పరచడం ఆమెకు ఇదే మొదటిసారి. వాయిస్తూ వాయిస్తూ అడుగు తీగ దాకా దిగింది. ఎప్పుడో మేళంలో విన్న ఒక జారుడును వేలితో సాగదీసి పైకి తెచ్చింది. వెనక గొంతులో వణుకు లేదు.

నవ్విన బల్ల దగ్గర ఇప్పుడు చెంచాలు పళ్లేల మీద ఆని ఉన్నాయి. దిలీప్ నీళ్ల సీసా మూత తీసి, తాగకుండా అట్లాగే పట్టుకున్నాడు. కీబోర్డు అబ్బాయి చేతులెత్తబోతే, దిలీప్ వద్దని వేలు చూపించాడు.

చివరికి ఆమె రెండో తీగను మీటి, దాని మీద అరచెయ్యి పెట్టి ఆపింది. అప్పుడే వెనక గొంతూ ఆగింది. ఒత్తు ఆయన ఏనాడూ ముందుగా ఆపిన మనిషి కాదు.

చప్పట్లు మొదలయ్యాయి. బల్లల దగ్గర కొందరు లేచి నిలబడ్డారు. దిలీప్ వేదికెక్కి మైకులో, బేస్ మీద నందిని అని చెప్పాడు, తాపీగా, రెండుసార్లు. ఆ తర్వాత వెనక్కి చూసి, ఆయన ఎవరని కనుబొమలతో అడిగాడు. ఆమె మైకుకు దూరంగా వంగి చెప్పింది. ఆ మాట ఆయనకు కొత్త. నోట్లో ఒకసారి అనుకుని, మైకులో జాగ్రత్తగా పలికాడు.

"ఒత్తు మీద, నారాయణప్ప."

నారాయణప్ప వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరు గల మనిషి ఇంకెవరన్నా ఉన్నారేమోనని. తర్వాత సంచి మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

తిరుగుదారిలో బండి వెనక ఖాళీ పెట్టెలు ఒకదానికొకటి తగులుతూ గలగలమన్నాయి. తండ్రీ కూతుళ్లు బేస్‌కు చెరో పక్క కూర్చున్నారు. దిలీప్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపి పంపించాడు గానీ, కొండ దిగేటప్పటి నుంచి నారాయణప్ప మొహం ముడుచుకునే ఉంది. రెండో మలుపు దగ్గర బయటపడ్డాడు.

"ఆయప్ప మంచోడే. కాదన్ను. కానీ నువ్వు వాయిస్తా ఉంటే నడిమధ్యలో వదిలేసి ఎందుకు దిగిపోయినాడు? నీళ్లు తాగేదానికి అదేనా టయిము?"

నందినికి నవ్వొచ్చింది. నవ్వకుండా చెప్పింది. అది వదిలేయడం కాదని, తనే అడిగి ఇప్పించుకున్నదని, జాజ్‌లో ఒకరి మాట వినాలనుకుంటే మిగతావాళ్లు అట్లా ఆపి తప్పుకుంటారని, దానికంటే పెద్ద మర్యాద వాళ్లలో లేదని.

నారాయణప్ప ఆమె మొహంలోకి చూశాడు, తనను ఓదార్చడానికి అల్లుతోందేమోనని. అల్లడం లేదని తెలిసినంక చూపు తిప్పేశాడు. కింద మదనపల్లె దారి, తోటల మీద పరిచిన తెల్లటి ప్లాస్టిక్ పట్టాలు కనబడుతున్నాయి. వేళ్లతో ఖాళీ పెట్టె అంచు తడుముతూ ఉన్నాడు.

"అయితే నేను చెడగొట్టినా గదా," అన్నాడు చివరికి.

"లేదు నాయనా. నేను కట్టుకున్నదానికంటే అదే బాగుండింది."

"నాకట్లే అనిపించింది లే."

ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వులోనే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆదినారాయణ. పెట్టెల చప్పుడుకు స్పీకరు పెట్టక తప్పలేదు. రేపు పాప ఏ బస్సుకు వస్తాండాదో చెబితే స్టాండుకు వస్తానన్నాడు. వెంటనే గొంతు మార్చి, ఇంతకూ ఈరోజన్నా పేరు చెప్పినారా బావా, లేక ఒంటి ఒత్తు కూతురూ ఒంటి ఒత్తేనా అని నవ్వాడు.

నందిని బేస్ మెడ పట్టుకుంది. మాట మాటే. నాయన ఏమంటే అది.

"ఒంటి ఒత్తే అప్పా," అన్నాడు నారాయణప్ప. "మిగతావాళ్లందరూ వాయించేది ఆపేసి, మా అమ్మణ్ణి ఒక్కదాన్నే వాయించమనినారు. తినేవాళ్లు గూడా ఆపేసినారు. వాళ్లలో అది మర్యాదంట. నీకు తెలీదులే. నాకూ ఇప్పుడే తెలిసింది." అవతల ఏదో అంటుంటే అడ్డం పడ్డాడు. "పేరా? పేరు చెప్పినారు. ఇద్దరివీ చెప్పినారు. రేపు మా పాపకు ఖాళీ లేదు. ఆ చెక్క మీద ఇంకెవురి పేరన్నా రాయించుకో."

ఫోన్ జేబులో పెట్టుకుని, జేబు మీద రెండుసార్లు తట్టాడు. నందిని మొహం పక్కకు తిప్పుకుంది. గాలికి కళ్లు నీళ్లు కారుతున్నాయనుకుంటే అనుకోనీ అని తుడుచుకోలేదు.

బండి ఘాట్ దిగి పుంగనూరు రోడ్డెక్కింది. కుదుపుకు సంచి లోపల అడుగు తీగ మూలిగింది. నారాయణప్ప చెయ్యి చాపి, ఆపడానికి కాదు, ఊరికే దాని మీద పెట్టి ఉంచాడు.

"ఆ పొద్దు ఆ పెద్దింట్లో తాళి కట్టింది నా ఒక్క స్వరానికే మే," అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. "తెలీక కండ్లు మూసుకున్న్యా. తెలిసుంటే తెరుచుకోనే ఊదుందును."